ఖాళీలోకి గీసిన గీత

"చేసింది నేనే అని చెప్పాను కదండీ. ఎన్నిసార్లు అడిగినా మాట మారదు," అంది చార్టులావిడ.

కాగితం మిల్లులో ఆమెను అందరూ పిలిచే పేరు అదే. బాయిలర్ల కొలతలన్నీ నెలనెలా గీతలుగా మార్చి, పెద్దల మీటింగులో తెర మీద చూపించే చార్టులు తయారుచేయడం ఆమె ఉద్యోగం. పోయిన వారం ఆరో నంబరు బాయిలరు పేలి ముగ్గురు పోయారు. ఆ ముగ్గురిలో ఒకడు ఆ బాయిలరు చూసుకునే మేస్త్రీ, ఈమెకు సొంత తమ్ముడు. గొట్టాల మందం ప్రమాదపు గీత కన్నా కిందికి అరిగిపోయిందని తమ్ముడు కొలిచి పంపితే, చార్టులో ఆ అంకెను పెంచి చూపించింది అక్కేనని కేసు. అక్క కూడా అవునంది. ఇవాళ నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు ఆ మాటే చెప్పిందంటే ఇక దాన్ని వెనక్కి తేవడం బ్రహ్మతరం కాదు.

ఎదురుగా కూచున్న డిటెక్టివును పోలీసులు 'పట్టకారు' అంటారు. పట్టుకుంటే వదలడని. ఈ మధ్య ఆ పేరు వింటే ఆయనకే నీరసంగా ఉంటోంది. ఇరవై ఏళ్ళుగా ఆయన బయటపెట్టిన నిజాల్లో ఏ ఒక్కటీ ఏ ఇంట్లోనూ ఒక్క పూట నవ్వు తెచ్చిన పాపాన పోలేదు. అయినా వచ్చి కూచున్నాడు. అలవాటు అలాంటిది.

"అంకె ఎందుకు పెంచారు?"

"గీత కింద పడితే బాయిలరు ఆపేస్తారు. తమ్ముడి పని పోతుంది."

"ఆ సంగతి తమ్ముడికి చెప్పారా?"

"లేదు. వాడికేం తెలియదు."

"ఎలా పెంచారు?"

"ఎలా ఏముంది? మందం నాలుగు పాయింట్ ఒకటి మిల్లీమీటర్లని పంపాడు. నేను పట్టికలో ఐదు పాయింట్ నాలుగు కొట్టాను. ప్రమాదపు గీత ఐదు దగ్గర ఉంటుంది. చుక్క దానికి పైకి పోయింది."

"చార్టు గీయకముందే కొట్టారా, గీశాక కొట్టారా?"

అంతవరకూ ప్రశ్న పూర్తికాకుండానే జవాబిస్తున్న మనిషి తన గోళ్ళ వైపు చూసుకుంది.

"ముందే," అంది. "అంకె మార్చాకే చార్టు గీశాను. రాసుకోండి."

పట్టకారు రాసుకోలేదు. లేచి బయటికి వచ్చాడు.

వరండాలో బల్ల మీద తమ్ముడి భార్య కూచుని ఉంది. నిండా ముప్పై ఏళ్ళుండవు. మొగుడు పోయి పది రోజులు కాకుండానే, ఆడపడుచును విడిపించమని డిటెక్టివును వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఈమే. ఆయన ముఖంలో ఏమీ దొరక్కపోయేసరికి తనే మొదలుపెట్టింది.

"మా వదిన అలాంటిది కాదండీ. నా పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైతే, వేసింది నేనేరా అని ఆయనతో చెప్పేది. ఎవరి తప్పయినా నెత్తినేసుకోవడం ఆవిడకి జబ్బు."

"ఈసారి ఎవరి తప్పు వేసుకుందంటారు?"

"నాకేం తెలుసు? ఆ మేనేజరుదే అయ్యుంటుంది. మా ఆయనైతే ఉన్నది ఉన్నట్టు కొలిచి పంపారు. ఫోన్లో ఆ మెసేజి ఉందని ఇనస్పెక్టరుగారే చెప్పారు. నాకు మిగిలింది అదొక్కటేనండీ. ఆయన తప్పు చేయలేదన్నదొక్కటే. వదిన కూడా ఇంటికొచ్చేస్తే ఎలాగో బతికేస్తాను."

పట్టకారు తలూపి మిల్లుకు బయలుదేరాడు.

చార్టులావిడ గది మేనేజరు గది పక్కనే ఉంది. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, బోర్లించిన రెండు గిన్నెలు, గోడనిండా పాత చార్టులు. కింద నేల సన్నగా అదురుతోంది. మేనేజరు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తొందరగా కానివ్వండి. పొద్దున్నే మళ్ళీ మిల్లు మొదలుపెట్టాం. నాకు వంద పనులున్నాయి."

"అప్పుడే మొదలుపెట్టారా?"

"ఆరోది తప్ప మిగతా బాయిలర్ల అంకెలన్నీ సరైనవేనని ఆవిడే వాంగ్మూలం ఇచ్చింది. ఇనస్పెక్టరుగారు సంతకం పెట్టారు. ఇంకా ఎందుకు ఆపాలి?"

పట్టకారు గోడ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ప్రతి చార్టులోనూ ఎనిమిది బాయిలర్లకు ఎనిమిది గీతలు. పొయ్యిలో పుల్లల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అంత ఇరుకులోనూ ప్రతి అంకే చక్కగా చదవడానికి వస్తోంది. చివరి నెల కొలతకు మాత్రమే అంకె వేసింది. చోటు లేని దగ్గర అంకెను ఖాళీ జాగాలోకి జరిపి, అక్కణ్ణుంచి వెంట్రుకంత సన్నని గీత లాగి, అది ఏ చుక్కదో ఆ చుక్క మీద ఆపింది. ఏళ్ళ తరబడి చార్టులున్నాయి. ఒక్క అంకె మీద ఇంకో అంకె పడలేదు. ఒక్క సన్నగీత చుక్కను తప్పలేదు.

"ఇవన్నీ కంప్యూటరు దానంతటదే పెట్టదా?"

"పెడుతుంది. కానీ గీతలు ఎక్కువైతే అంకెలన్నీ గుట్టగా పోస్తుంది. లేకపోతే చోటు చాలక ఒకటో రెండో చెప్పకుండా మింగేస్తుంది. ఎప్పుడో ఒకసారి అలా అంకె మాయమై, మీటింగులో ఆవిడ మాట పడింది. అప్పట్నుంచి కంప్యూటర్ని నమ్మదు. అంకెలు వేరే అచ్చుకొట్టి, గీతలు వేరే గీసి, అన్నీ చేత్తోనే పెట్టుకుంటుంది. పేలు ఏరినట్టు పూటంతా అదే పని. ఇంత అవసరమా అని ఎన్నోసార్లు చెప్పి చూశాను."

"ఆఖరి చార్టు ఏది?"

మేనేజరు కంప్యూటరులో తెరిచాడు. అన్నిటికీ అడ్డంగా ఐదు దగ్గర ఎర్రగా ప్రమాదపు గీత. ఎనిమిది బాయిలర్ల చుక్కలూ దానికి పైనే ఉన్నాయి. చూసినవాళ్ళకు అంతా క్షేమంగా ఉన్నట్టే ఉంది. ఆరో నంబరు చుక్క పైన గుంపులో దూరి ఉంది. దాని అంకె, ఐదు పాయింట్ నాలుగు, కుడివైపు కింద ఖాళీలో ఉంది. అక్కణ్ణుంచి సన్నగీత ఎడమకు పోయి, ఎర్రగీతకు కింద, ఏమీ లేని చోట ఆగింది.

పట్టకారు ముక్కు తెరకు తగిలేంతగా వంగాడు. బల్ల మీది స్కేలు తీసుకుని, ఆ కొస నుంచి పక్కనున్న కొలతల దాకా అడ్డంగా పెట్టాడు. నాలుగు పాయింట్ ఒకటి.

"పట్టికలో ఆరో దానికి నాలుగు పాయింట్ ఒకటి కొట్టండి," అన్నాడు.

"ఎందుకు?"

"కొట్టండి."

మేనేజరు విసుగ్గా కొట్టాడు. గుంపులో ఉన్న చుక్క ఒక్కసారిగా కిందికి జారి, సన్నగీత కొస మీద సరిగ్గా కూచుంది. మేనేజరు వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. పట్టకారు మళ్ళీ ఐదు పాయింట్ నాలుగు కొట్టించాడు. చుక్క పైకి పోయింది. గీత ఉన్నచోటే ఉండిపోయింది.

"మీటింగులో ఎంతమంది చూశారు దీన్ని?"

"పదిమందిమి ఉన్నాం. అంకె బానే ఉంది కదా అని..." మేనేజరు నసిగాడు.

"ఈ నెల గీత కింద పడిన బాయిలరు ఆర్పేసి, దాని మనుషుల్ని ఇంటికి పంపిస్తానని మీటింగుకు ముందే అందరితో చెప్పారట."

"అది రూలండీ. రూలు చెప్పడం నా పని. నేనేం అంకెలు మార్చమన్నానా?"

"మార్చమన్నారని నేనూ అనలేదు. భుజాలు తడుముకోకండి."

"ఎవరి భుజాలు, అన్నయ్యా?" అని గుమ్మంలోంచి వినిపించింది.

వచ్చింది ఇనస్పెక్టరు. పట్టకారుకు తోడల్లుడు కూడా. అక్కచెల్లెళ్ళను చేసుకున్న పాపానికి, ఒకరి గెలుపు వార్త ఇంకొకరి వంటింట్లో వండి వడ్డించడం పదిహేనేళ్ళుగా నడుస్తోంది. ఈ కేసు రెండు రోజుల్లో తేల్చాడని ఇనస్పెక్టరు ఫొటో పేపర్లో వచ్చింది. అది కత్తిరించి పట్టకారు భార్య అద్దానికి అంటించింది కూడా.

"ముద్దాయి చేశానంటోంది. మధ్యలో నీకేమిటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

పట్టకారు తెర చూపించాడు. గీత కొస, ఖాళీ, స్కేలు అన్నీ వివరించాడు. ఇనస్పెక్టరు తెలివితక్కువ వాడేం కాదు. సగంలోనే అర్థమైంది. ఒప్పుకోవడమే కష్టమైంది.

"ఇందులో ఏముంది? ముందు నిజం అంకే పెట్టింది. తరవాత మనసు మారి పెంచింది. గీత జరపడం మర్చిపోయింది."

"ముందే మార్చి, తరవాతే చార్టు గీశానని గంట కిందట నాతో చెప్పింది. అదే నిజమైతే గీత గుంపులోకి పోవాలి, కిందకెందుకు పోయింది? ఎప్పుడు మార్చారో కూడా తెలియని మనిషి అంకె మార్చిందా? ఆ గోడ చూడు తమ్ముడూ. ఇన్నేళ్ళలో ఒక్క గీత తప్పిందేమో చూపించు."

"ఈ ఒక్కసారి తప్పింది."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. మార్చినవాడికి పట్టికలో అంకె మార్చడం వచ్చు. చార్టు మీద అచ్చు మార్చడం వచ్చు. గీత కూడా చుక్క వెంట పోతుందనుకున్నాడు. ఆవిడ దాన్ని వేరే గీసి పెట్టిందని వాడికి తెలియదు."

"సరే, ఎవడు వాడు?"

పట్టకారు మేనేజరు వైపు తిరిగాడు. "ఆవిడ లేనప్పుడు ఈ కుర్చీలో ఎవరు కూచుంటారు?"

"ఎవరు కూచుంటారండీ, తాళం ఆవిడ దగ్గరే కదా. మధ్యాహ్నం వాళ్ళ తమ్ముడొచ్చేవాడు. ఇద్దరూ ఇక్కడే తినేవారు. ఆవిడ గిన్నెలు కడుక్కొచ్చేదాకా ఆ కుర్రాడు కంప్యూటరు ముందు కూచుని..."

మాట తనే మింగేశాడు. కాళ్ళ కింద నేల అదురుతూనే ఉంది.

పట్టకారుకు వరండాలో కూచున్న పిల్ల గుర్తొచ్చింది. నాకు మిగిలింది అదొక్కటేనండీ అంది. ఆ ఒక్కటీ లాక్కోవడానికి తననే పిలిపించుకుంది.

"అన్నయ్యా, వద్దు," అన్నాడు ఇనస్పెక్టరు. ఆ గొంతులో పోటీ లేదు. "చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వాణ్ణి ఊరంతా నిజాయితీపరుడంటోంది. బతికున్న మనిషి తనంతట తాను ఒప్పుకుంటుంటే, ఆ చచ్చినవాణ్ణి బయటికి లాగి ఎవరిని ఉద్ధరిస్తావు?"

"జైలుకి పోయేది నువ్వు కాదు, నేను కాదు."

"ఆవిడ పోతానంటోంది."

"అందుకే ఆవిణ్ణే అడుగుదాం."

ఇనస్పెక్టరు తన ఫోనుతో తెరను ఫొటో తీసుకున్నాడు. ఇద్దరూ ఒకే జీపులో స్టేషనుకు వచ్చారు. వరండాలో మరదలు లేచి నిలబడింది. ఇద్దరూ ఆమెను చూడనట్టే లోపలికి పోయారు.

పట్టకారు గీత సంగతి మొదలుపెట్టగానే చార్టులావిడ చెయ్యెత్తి ఆపింది.

"తలుపేయండి ముందు. మా మరదలు బయటుంది కదా."

తలుపు పడ్డాక ఆమె గోడకు చెబుతున్నట్టుగా చెప్పింది.

"మీటింగులో వెనక వరసలో కూచుంటాను నేను. తెర మీద పడగానే చూశాను. నా గీత ఖాళీలో వేలాడుతోంది. వేరే ఎవరికీ కనపడలేదు, నాకు కనపడింది. లేచి నిలబడి ఆపండి అనుంటే అయిపోయేది. మా వాడు తలుపు దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నాడు. నోరు రాలేదండీ."

"తరవాత అడిగారా?"

"అడిగాను. ఏడ్చాడు. వారం రోజులు ఓపిక పట్టక్కా, సెలవు రోజున ఆపించి గొట్టాలకి అతుకు వేయిస్తాను, ఎవరికీ తెలియక్కర్లేదు అన్నాడు. సరే అన్నాను. మళ్ళీ ఆ ఫైలు తెరవడానికి కూడా భయమేసింది నాకు. వాడు మార్చాడు, నేను సరే అన్నాను. ఇందులో నేను చేయనిది ఏముంది? మిగతా ఇద్దరి ఇళ్ళలో కూడా పిల్లలున్నారు. నన్ను పంపించేయండి. ఆ పిల్లకి మొగుడి మంచితనమైనా మిగలనివ్వండి. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది."

పట్టకారు ఇనస్పెక్టరు వైపు చూశాడు. ఇనస్పెక్టరు నేల వైపు చూశాడు. ఎవరి వాదన గెలిచిందో ఇద్దరికీ అక్కర్లేకుండా పోయింది. నిజం తేలింది, దానివల్ల ఈవిడకు ఇంటిదారి దొరకలేదు. వరండాలో ఉన్న పిల్లకు మిగిలింది కూడా పోతుంది. ఇలాంటి నిజాన్ని పట్టుకొచ్చినందుకు పట్టకారుకు తన చేతుల మీదే రోత పుట్టింది.

"చూశారు కదా, ఇదేనా ఆ గీత?" అన్నాడు ఇనస్పెక్టరు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఫోను తీసి, ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి ఆమె ముందు పెట్టాడు.

ఆమె చూసింది. చూపు తిప్పుకోబోయి మళ్ళీ చూసింది. ఫోను లాక్కుని ఇంకా పెద్దది చేసింది.

"ఇదేమిటి?" అంది.

"ఆరో నంబరు గీత."

"ఆరోది కింద ఉన్నది. దీని పైన ఇంకోటుంది చూడండి."

ఇద్దరూ వంగారు. ఒకే గీత అనుకున్నది పెద్దగా చేస్తే రెండయింది. దారప్పోగుల్లా పక్కపక్కనే పోయి, రెండూ ఎర్రగీత కిందే ఆగాయి. పైదాని రెండో కొసన అంకె ఐదు పాయింట్ రెండు. బాయిలరు మూడో నంబరు.

"మూడోది కూడా మావాడిదే," అంది ఆమె. "నోటితోనే చెప్పాడు నాకు. నాలుగు పాయింట్ మూడని చెప్పాడు, నేనే కొట్టాను. ఆ రెండూ కిందే ఉన్నాయని ఎర్రగీత కింద పక్కపక్కన పెట్టుకున్నాను. అడిగినప్పుడు ఆరో నంబరొక్కటే దొంగగా మార్చానన్నాడండీ, మూడోది మళ్ళీ కొలిస్తే బాగానే వచ్చిందన్నాడు. ఒక్కటే అన్నాడు. నేను నమ్మాను. దూరం నుంచి నాకూ ఒక్కటే కనపడింది."

"మిగతావన్నీ సరైనవేనని సంతకం పెట్టారు మీరు," అన్నాడు ఇనస్పెక్టరు. ఆ కాగితం కింద రెండో సంతకం తనది.

"మూడోది ఇప్పుడు నడవట్లేదు కదా?" అంది ఆమె.

అది పొద్దుటినుంచీ నడుస్తోంది. ఆరోది లేదు కాబట్టి దాని బరువు కూడా ఇదే మోస్తోంది. ఇందాక నేల అదిరింది దానివల్లే. స్కేలు పెట్టి కొలిచినప్పుడు ఆ రెండో గీత పట్టకారు కళ్ళెదుటే ఉంది. ఆరో నంబరు కోసం వెతికాడు, ఆరో నంబరే చూశాడు.

ఇనస్పెక్టరు అప్పటికే మిల్లుకు ఫోను కలిపి, లౌడుస్పీకరులో పెట్టాడు. సిగ్నలు కోసం తలుపు బార్లా తెరిచాడు.

"మూడో నంబరు ఆపేయండి. వెంటనే. మనుషుల్ని బయటికి పంపించండి."

"ఏమిటండీ ఇది?" మేనేజరు గొంతు యంత్రాల మోతలోంచి వచ్చింది. "చార్టులో ఐదు పాయింట్ రెండుంది. పొద్దున మీరే తెరవమన్నారు. నడుస్తున్న మిల్లు ఆపితే పైవాళ్ళకి ఏం చెప్పాలి నేను? ఎవరు చెప్పారు మీకు?"

"నేను చెబుతున్నాను, ఆపండి."

"కారణం చెప్పండి. ఆ అంకె తప్పని ఎవరికి తెలుసు?"

చార్టులావిడ లేచి వచ్చింది. తెరిచిన తలుపు అవతల మరదలు నిలబడి ఉంది. ఆమెను చూసింది. చూస్తూనే ఫోను మీదికి వంగింది.

"నాకు తెలుసండీ. నేను చార్టులావిణ్ణి. మూడోది నాలుగు పాయింట్ మూడు. ఆరోదీ మూడోదీ మార్చింది నేను కాదు, మా తమ్ముడు. నా కుర్చీలో కూచుని మార్చాడు. మీటింగులో చూసి కూడా నేను నోరెత్తలేదు. మీకు దణ్ణం పెడతాను, లోపలున్న వాళ్ళని బయటికి పంపించండి."

"ఉండండి," అన్నాడు మేనేజరు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. పరుగెత్తుతున్న అడుగులు. ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న కేక, తరవాత అదీ దూరమైపోయింది.

నలుగురూ ఆ ఫోను చుట్టూ నిలబడ్డారు. మరదలు ఎప్పుడు లోపలికి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆయనేనా వదినా?" అంది, చాలా మెల్లిగా.

"అవునమ్మా."

మరదలు ఏడవలేదు. అందరితో పాటు తనూ ఫోను వైపే చెవి పెట్టింది. మోత ఇంకా ఆగలేదు.